రంగు వేయని బీకర్లో కూడా డాఫ్నియాలు సచ్చిపోతాండాయి, ఎవరన్నా ఒక దావ చెప్పండి

చిత్రావతి_గట్టు:
అన్నలూ అక్కలూ నమస్తే. నేను అనంతపురంలో ఎమ్మెస్సీ జువాలజీ ఫైనలియర్. ఊరు ధర్మవరం, ఇప్పుడు సత్యసాయి జిల్లా అంటారు గానీ 2022 దాకా అనంతపురమే, మా నోట్లో ఇంకా అదే వస్తాది. ప్రాజెక్టుకి పట్టుకేసే రంగు నీళ్లలో ఉండే చిన్న పురుగులకి ఎంత విషమో చూద్దామని డాఫ్నియా (నీటి ఈగ అనే గింజంత నీటి పురుగు) టెస్టు తీసుకున్నా. మా సందులోనే రంగుల షెడ్డు ఉంది కాబట్టి ఎర్ర పొడి ఒక చిన్న కవర్లో అడిగి తెచ్చుకున్నా, డాఫ్నియాలు చేపపిల్లలు పెంచే ఒకాయన దగ్గర తెచ్చుకున్నా. లీటరుకు 10, 20, 40, 80, 160 మిల్లీగ్రాములు కలిపి బీకరుకు 10 డాఫ్నియాలు వేసినా, ఇంకో బీకర్లో రంగు లేకుండా ఉత్త నీళ్లు, పోల్చుకునేకి, దాన్నే కంట్రోలు అంటారు. నీళ్లు మటుకు మంచివే, ఇరవై రూపాయల క్యాను నీళ్లు. ఆకలైతాదేమో అని చిటికెడు ఈస్టు కూడా వేసినా.

24 గంటలకి చూస్తే ఉత్త నీళ్ల బీకర్లోనే 4 సచ్చినాయి. 10 మిల్లీగ్రాముల దాంట్లో 3, 20 దాంట్లో 5. 160 బీకరు రోజ్ మిల్కు మాదిరి ఉంది, లోపల ఎన్ని ఉన్నాయో, ఉన్నాయో లేవో కూడా కనపల్లే. మా గైడు సారు రిజల్టు చూసి ఏం అనకుండా కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. అబ్బాట్ ఫార్ములా వేసి కంట్రోల్లో సచ్చిన నాలుగూ తీసేస్తే సరిపోతాదా? రంగు విషమే అని రాసేయొచ్చా?

బుగ్గవంక_ట్యాంకులు:
కడప నుంచి. నాకు ల్యాబులూ గీబులూ తెలీదు తమ్ముడూ, పదేళ్లుగా చేపలు పెంచుతాండా, వాటికి లైవ్ ఫుడ్డు నేనే పెంచుకుంటా. ఫస్టు ఒక మాట, నువ్వు తెచ్చింది డాఫ్నియానే అని ఎవరు చెప్పినారు? మన పక్క చేపలోళ్లు చిన్నదీ పెద్దదీ అన్నిటికీ డాఫ్నియా అనే అంటారు, ఇచ్చేది నూటికి తొంభై సార్లు మోయినా, దాని చిన్న చుట్టం. లెన్సు కింద పెట్టి చూడు, వెనక తోక మాదిరి సన్న ముల్లు పొడుచుకొని ఉంటే డాఫ్నియా, వెనక నున్నగా ఉండి మొత్తం ఒక మిల్లీమీటరు అటూ ఇటూ ఉంటే మోయినా. పుస్తకాల్లో ఉండే డాఫ్నియా మ్యాగ్నా ఐతే పెద్దది 5 మిల్లీమీటర్ల దాకా పెరుగుతాది, చల్లగా ఉండాల దానికి. ఏప్రిల్లో మన రూముల్లో మ్యాగ్నా బతకడమంటే కడప బస్టాండులో మధ్యాన్నం మూడుకు కంబళి కప్పుకొని కూర్చున్నట్లే.

రెండోది ఆ క్యాను నీళ్లు. ఆర్వో నీళ్లు మనకి మంచివి, వాటికి కాదు. ఆర్వోలో కాల్షియం గీల్షియం అంతా తీసేస్తాడు, వాటి పెంకుకి కావాల్సిందే అది. చేపలాయన తొట్లో ముదురు పచ్చ నీళ్లలో ఉన్నదాన్ని తీసి ఒక్కసారిగా ఆర్వోలో ఏస్తే షాకు కొట్టదా. కొళాయి నీళ్లు నేరుగా ఏసినా సస్తాయి, క్లోరిన్ ఉంటాది. బోరు నీళ్లంటావా, మన సీమ బోర్లలో ఫ్లోరైడు, ఉప్పు ఎంతుంటాదో నీకు నేను చెప్పాల్నా.

తుంగభద్ర_మైక్రోస్కోపు:
పై అన్న చెప్పింది నిజం, నేను మిగతాది చెప్తా. కర్నూల్లో నీళ్ల టెస్టులు చేసే ల్యాబులో ఉంటాను, ఈ పురుగులతో నాలుగేళ్లు కళ్లు పోగొట్టుకున్నా.

తమ్ముడూ, అబ్బాట్ ఫార్ములా మర్చిపో. కంట్రోల్లో 10 శాతం కంటే ఎక్కువ కదలకుండా పోతే ఆ టెస్టే చెల్లదు, ఓఈసీడీ 202 అని ఈ టెస్టుకి అంతర్జాతీయ పద్ధతి ఉంది, దాంట్లో మొదటి షరతే అది. నీకు 40 శాతం పోయినాయి. ఇంక 10 మిల్లీగ్రాముల దాంట్లో 3, 20 దాంట్లో 5 అనేదానికి అర్థమే లేదు, కంట్రోలు కంటే రంగు నీళ్లలోనే ఒకటి ఎక్కువ బతికిందని కూడా రాసుకోవచ్చు అట్లయితే.

నీళ్లు నువ్వే తయారు చేసుకో. డిస్టిల్డ్ వాటర్ తీసుకొని నాలుగు ఉప్పుల స్టాకులు కలుపుకోవాలి, ఒక్కోటి లీటరు స్టాకు, కాల్షియం క్లోరైడు డైహైడ్రేటు 11.76 గ్రాములు, మెగ్నీషియం సల్ఫేటు హెప్టాహైడ్రేటు 4.93 గ్రాములు, సోడియం బైకార్బొనేటు 2.59, పొటాషియం క్లోరైడు 0.23. ప్రతి స్టాకు నుంచి 25 మిల్లీలీటర్లు తీసి మొత్తం ఒక లీటరు చేస్తే హార్డ్‌నెస్ (నీటి కాఠిన్యం) లీటరుకు 250 మిల్లీగ్రాములు వస్తుంది. రాత్రంతా ఎయిర్ పంపు పెట్టి గాలి పట్టించు, పొద్దున పీహెచ్ చూసుకో, 7.8 అటూ ఇటూ ఉండాలి. నీ పురుగుల్ని ఆ నీళ్లకి ఒక వారం మెల్లగా అలవాటు చెయ్యి, ఒక్క రోజులో మార్చొద్దు.

ఈస్టు వెయ్యొద్దు. టెస్టు నడిచే 48 గంటలు తిండీ లేదు, ఎయిర్ పంపూ లేదు. కానీ ఆఖర్లో ఆక్సిజన్ లీటరుకు 3 మిల్లీగ్రాములకి తగ్గకూడదు, మూలన ఈస్టు కుళ్లితే ఆ ఆక్సిజనే పోతుంది. పురుగులు అన్నీ 24 గంటల లోపు పుట్టిన పిల్లలై ఉండాలి, అదీ తల్లి మొదటి ఈతవి కాకుండా. సాయంత్రం పెద్దవాటిని వేరే బీకర్లోకి మార్చి పెట్టుకో, పొద్దునకి ఆ బీకర్లో కనపడే చిన్నవే నీకు కావాల్సినవి. డోసుకి 20 తీసుకో, ఐదైదుగా నాలుగు బీకర్లు. తీసేటప్పుడు డ్రాపరు మూతి కొంచెం కత్తిరించి వెడల్పు చేసుకో, డ్రాపరు కొనని నీళ్ల లోపలికి ముంచి వదులు. పైనుంచి చుక్క చుక్కగా వేశావనుకో, పెంకు కింద గాలి బుడగ చేరి పైన తేలుతూ ఉండిపోతుంది, నువ్వు రంగు వల్ల పోయిందని రాసేస్తావ్. నేను మొదటి ఏడు ఆ తప్పే చేశా.

చచ్చిందా లేదా అని కాదు చూడాల్సింది. బీకర్ని కొంచెం కదిపి 15 సెకన్లు చూడు, ఈదకపోతే కదలనట్టు లెక్క, అందుకే దాన్ని ఎల్‌సీ50 (సగం చచ్చే మోతాదు) అనకుండా ఈసీ50 (సగం కదలకుండా పోయే మోతాదు) అంటారు. ముదురు రంగులో కనపడకపోతే లోతైన బీకరు బదులు వెడల్పు గాజు డిష్ వాడు, నీళ్లు పలచగా ఉంటాయి, కింద నుంచి మొబైల్ టార్చి కొట్టు. ఎట్లయినా ఒక్కో పురుగుకి కనీసం 2 మిల్లీలీటర్లు ఉండాలి. కంట్రోలుని కూడా అదే డిష్‌లో పెట్టు, మళ్లీ అది వేరే ఇది వేరే అనకుండా.

మోయినానే ఐతే మోయినాతోనే చెయ్యి, తప్పేం లేదు, బీవోడీ ఇంక్యుబేటర్లో (వేడి ఒకే లెక్కలో ఉంచే పెట్టె) 25 డిగ్రీల దగ్గర పెట్టి చెయ్యి. కానీ రిపోర్టులో డాఫ్నియా మ్యాగ్నా అని రాయొద్దు. మ్యాగ్నాకి పొటాషియం డైక్రోమేటుతో 24 గంటల ఈసీ50 లీటరుకు 0.6 నుంచి 2.1 మిల్లీగ్రాముల మధ్య రావాలని లెక్క ఉంది, అది నీ మోయినాకి వర్తించదు, ఐనా డైక్రోమేటుతో ఒకసారి చేసి నీ నంబరు నువ్వు రాసి పెట్టుకో, తర్వాతి బ్యాచీ ఆరోగ్యంగా ఉందో లేదో దాంతో తెలుస్తుంది.

ఇంకొకటి, మిథిలీన్ బ్లూ, రోజ్ బెంగాల్ లాంటి రంగులు వెలుతురు పడితే ఇంకా విషం అవుతాయి, వెలుతురుతో ఆక్సిజన్‌ని రెచ్చగొడతాయి. నీ ఎరుపు ఏదో తెలీదు కాబట్టి ఒక సెట్టు చీకట్లో, ఒక సెట్టు వెలుతురులో పెట్టి చూడు.

బుగ్గవంక_ట్యాంకులు:
మిథిలీన్ బ్లూ అంటే గుర్తొచ్చింది అక్కా, చేపకి ఫంగస్ వచ్చిందని తొట్లో నాలుగు చుక్కలేసి అదే మగ్గు కడక్కుండా మోయినా డబ్బాలో ముంచినా. తెల్లారేకి డబ్బా అంతా అడుగున బూడిద చల్లినట్లు ఉంది.

మగ్గం_పక్క_షెడ్డు:
రంగులేసేవాణ్ణి మాట్లాడతాండా. మా పనిని విషం అని రాస్తారేమో అని ఫస్టు కోపమే వచ్చింది, చదివినాక తగ్గింది. అబ్బీ, నువ్వు తీసుకుపోయిన పొడి అంతా రంగు కాదు. డబ్బాల్లో ఉప్పూ, సోడియం సల్ఫేటూ కలిపి రంగు బలం ఒక లెక్కకి తెస్తారు. డబ్బా మీద 100 పర్సెంటు, 200 పర్సెంటు అని ఉంటాది చూడు, అది స్టాండర్డు రంగుతో పోల్చి చెప్పే బలం, ప్యూరిటీ కాదు. నువ్వు 100 మిల్లీగ్రాములు తూకమేస్తే అందులో అసలు రంగు ఎంతో నాకే తెలీదు.

ఇంకోటి, పట్టుకేసేదాన్ని యాసిడ్ రంగు అంటారు గానీ ఆ పొడి యాసిడ్ కాదు, అది ఒక రకం ఉప్పే. యాసిడ్ మేం పోసేది, తొట్లో అసిటిక్ యాసిడ్ పోస్తేనే రంగు పట్టుకి పడతాది. అంతకు ముందు పచ్చి పట్టుని సబ్బు, సోడాతో ఉడకబెట్టి జిగురు తీస్తాం. చిలపలు (పట్టు పోగుల చుట్టలు) కర్రకి తగిలించి తిప్పి తిప్పి, రంగంతా పట్టు తాగేసినాక తొట్లో మిగిలేవి దాదాపు తేట నీళ్లే, రంగు తక్కువ. కానీ వాటిల్లో యాసిడ్ ఉంటాది, పక్క తొట్లో సోడా సబ్బు ఉంటాది. నువ్వు డబ్బాలో పొడి కలిపి టెస్టు చేసి ధర్మవరం షెడ్ల నీళ్లు ఇట్ల అని రాస్తే అది మా కత కాదు, డబ్బా కత.

తుంగభద్ర_మైక్రోస్కోపు:
అన్నా, ఈ మాట మాకు ఏ పుస్తకంలోనూ రాలేదు, థాంక్స్. తమ్ముడూ, అట్లయితే రెండు పనులు వేరు వేరుగా చెయ్యి. ఒకటి పొడి టెస్టు. లీటరుకు 100 మిల్లీగ్రాముల దగ్గర ఒక్క డోసుతో మొదలుపెట్టు, లిమిట్ టెస్టు అంటారు దాన్ని. 20 లో 2 కంటే ఎక్కువ కదలకుండా పోతేనే ఐదు డోసులు, గ్రాఫులు అన్నీ. ఏదైనా ఈసీ50 లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపు వస్తే అక్యూట్ కేటగిరీ 1, అంటే నీటి జీవులకి అన్నిటికంటే ఎక్కువ విషం, 10 లోపు 2, 100 లోపు 3. డోసుల మధ్య తేడా 2.2 రెట్లకి మించకుండా చూసుకో, నువ్వు పెట్టిన రెండు రెట్లు బాగానే ఉంది.

రెండోది షెడ్డు నీళ్లు. వాటిని శాతాల్లో పలచన చెయ్యి. ఒక సెట్టు ఉన్నది ఉన్నట్టు, ఇంకో సెట్టు పీహెచ్ 7 దగ్గరికి సర్ది. మొదటిది చచ్చి రెండోది బతికితే యాసిడ్ పని అని తెలుస్తుంది, రంగు మీద నేరం మోపక్కర్లేదు. వ్యర్థజలం బయటికి వదిలేదానికి సర్కారు పెట్టిన జనరల్ స్టాండర్డ్స్ ఐతే చేపలతో, పలచన చేయని వ్యర్థజలంలో 96 గంటలకి 90 శాతం బతకాలి అంటుంది. నీ మోయినా చేప కాదు కాబట్టి ఆ లైను నీ రిజల్టుకి అతికించొద్దు.

చిత్రావతి_గట్టు:
రెండు వారాల తర్వాత వచ్చినా. లెన్సు కింద చూస్తే వెనక ముల్లు లేదు, మోయినానే అన్నా, బుగ్గవంక అన్న చెప్పిందే. అక్క చెప్పిన నీళ్లు చేసి, ఇంక్యుబేటర్లో 25 డిగ్రీలు పెట్టి కంట్రోలు వేసినా, మధ్యలో రెండు సార్లు కరెంటు పోయింది, ఐనా 48 గంటలకి 20 లో 19 ఈదుతాండాయి. మా సారు కళ్లజోడు తుడవల్లే ఈసారి. ఎర్ర పొడి 100 మిల్లీగ్రాముల్లో వెలుతురులో ఒకటి, చీకట్లో ఒకటి కదల్లేదు, అంతే. అంటే మొదట సచ్చినవి క్యాను నీళ్లకో ఈస్టుకో పోయినట్లు ఉండాయి, నేను రంగు మీద రాసేస్తా ఉంటి.

షెడ్డు నీళ్లు మిగిలింది. మగ్గం పక్క అన్నా, మీ షెడ్డుకి వచ్చి ఒక బాటిలు పట్టుకోవచ్చా? మీ పేరు గానీ ఊరు గానీ రాయను.

మగ్గం_పక్క_షెడ్డు:
దానికేముంది అబ్బీ. పొద్దున ఏడుకు రా, తొట్టి ఎనిమిదికి వదిలేస్తాం. ఎర్ర తొట్లోవి ఒకటి, జిగురు తీసిన తొట్లోవి ఒకటి, కడుగు నీళ్లు ఒకటి, మూడూ పట్టుకో. ఆ జిగురు తొట్టి నీళ్లు వేడిగా ఉంటాయి, చల్లారినాక మూతేసుకో. గాజు సీసాలే తెచ్చుకో, ప్లాస్టిక్ వాటికి రంగు అంటుకొని పోదు, నా బకెట్లే సాక్ష్యం.