మతం మీద కార్టూన్ అంటే ఎందుకంత టెన్షన్?

ప్రశ్న: నాయకుడి మీద కార్టూన్ వేస్తే నవ్వేసి ఊరుకుంటాం, అదే మతం జోలికెళ్తే రచ్చ. వ్యంగ్యానికి హద్దు ఉండాలంటారా?

జవాబు: నవ్వేసి ఊరుకుంటారని ఎవరన్నారండీ! ఫ్రాన్స్‌లో దోమియే అనే కార్టూనిస్టు తమ రాజుని జనం సొమ్ము మింగే బకాసురుడిలా గీసి 1832లో జైలుకెళ్లాడు.

ఇంకో జవాబు: నాకు గుర్తుండిపోయింది అమెరికాలో థామస్ నాస్ట్ 1871లో వేసిన బొమ్మ. ఒడ్డుకి మొసళ్లు పాక్కుంటూ వస్తుంటాయి, తేరిపార చూస్తే అవి బిషప్పులు, తలమీది టోపీలే పళ్లున్న నోళ్లు. గీత అద్భుతం, కాదనను, కానీ స్కూళ్లమీద చర్చి పెత్తనం గురించిన వాదన కాస్తా కాథలిక్ వలసదారులందరి మీద ద్వేషంలా తయారైంది. మతపెద్దని వెక్కిరించడం వేరు, నమ్ముకున్న మామూలు మనిషిని వెక్కిరించడం వేరు.

మరొకరు: సరే, కానీ ఆ తేడా తేల్చేదెవరు? మనోభావాలు అంటూ ముందు అరిచేది ఆ పెద్దలే కదా. 2015లో పారిస్‌లో, మతం మీద కార్టూన్లు వేసిన షార్లీ హెబ్దో అనే వ్యంగ్య పత్రిక మీద దాడిలో 12 మంది పోయారు. బొమ్మ నచ్చకపోతే తిట్టండి, ఎదురు బొమ్మ వేయండి, అంతేగానీ...

అడిగినవాణ్ణే: మొసళ్ల బొమ్మ ఇప్పుడే వెతికి చూశా. ముందు నవ్వొచ్చింది, ఒడ్డున బిక్కచచ్చిన పిల్లల్ని చూశాక ఆగిపోయింది.