కుంట ఎంచడానికి ముందు కళ్లా, అంకెలా?

అందరికీ నమస్తే. మాది దేవరకొండ దగ్గర పల్లె, మహబూబ్‌నగర్‌లో ఎమ్మెస్సీ జువాలజీ చదువుతున్నా. చేపలు వేయడానికి మా మామ నాలుగు కుంటలు చూసొచ్చి, ఏది కౌలుకు పట్టాలో నువ్వే చెప్పమని నా మీద పెట్టాడు.

ల్యాబులో నాకు తెలిసిన పద్ధతి ఒకటే. ఆకు రసంలో ఫెర్రిక్ క్లోరైడ్ వేస్తే నీలినలుపు తిరిగిందా, టానిన్లు ఉన్నట్టు, ఎంతున్నాయో ఆ తర్వాతే కొలుస్తాం. షేర్లు కొనే మా రూమ్మేట్ కూడా అంతే, ముందు కంపెనీ ఏం చేస్తుందో అర్థమైతేనే అప్పుల లెక్క చూస్తాడు.

కుంట దగ్గర ఇది తిరగబడింది. నీళ్లు ఎంత తేటగా ఉన్నాయో చూద్దామని 20 సెంటీమీటర్ల స్టీలు పళ్లేనికి నలుపు, తెలుపు రంగులేసి తాడు కట్టి వదిలితే ఒక కుంటలో జానెడు లోతుకే మాయమైంది. "పచ్చగుంది కదరా, మేత మస్తుగున్నట్టే" అంటాడు మామ. మధ్యాహ్నం కిట్‌తో చూస్తే ఆక్సిజన్ లీటరుకు 9 మిల్లీగ్రాములు, తెల్లవారి 5 గంటలకు పోతే (చలికి వణికి చచ్చా) 2, చేపలకు అది చాలదు. నాచు పగలు ఇచ్చిందంతా రాత్రి తనే పీల్చేస్తుంది, అది తెలుసు. కానీ పీహెచ్, లోతు, కౌలు అన్నీ బాగుండటంతో నేనేసిన మార్కుల పట్టికలో ఆ కుంటే ఫస్టొచ్చింది!

ఇలాంటప్పుడు ఒక్కదాంట్లో ఫెయిలైతే మొత్తం కొట్టేయాలా, మార్కులు తగ్గిస్తే సరిపోతుందా? వాసన, రంగు, ఊరోళ్ల మాట, వీటికి అంకెలు ఎట్లా వేస్తారు? చేపలు పెంచినవాళ్లు, షేర్లు వడపోసేవాళ్లు ఎవరైనా చెప్పండి, ఆదివారం కౌలు మాట్లాడాలి.