సుక్వామిష్‌లో అద్దె ఇల్లు: రిజర్వేషన్ లోపల ఉందంటున్నారు, దిగొచ్చా?

ప్రశ్న

అందరికీ నమస్కారం. మా ఆవిడకి సిల్వర్‌డేల్‌లో ఉద్యోగం వచ్చింది, నా ఆఫీసేమో సియాటిల్ డౌన్‌టౌన్‌లో. మధ్యలో సుక్వామిష్ అనే ఊళ్లో ఇల్లు దొరికింది. ఆగస్టులో దిగుదామనుకుంటున్నాం. తీరా చూస్తే అది పోర్ట్ మాడిసన్ ఇండియన్ రిజర్వేషన్ (అక్కడి ఆదివాసీ తెగకి కేటాయించిన ప్రాంతం) లోపల ఉందట. ఓనరు మాత్రం తెల్లాయన. మాది రంపచోడవరం వైపు, 1/70 చట్టం గొడవలు చూస్తూ పెరిగినవాణ్ణి. గిరిజనుల భూమి బయటివాడి చేతికి ఎలా వచ్చింది? రేపు మాకేమైనా ఇబ్బందా? టెన్షన్‌గా ఉంది.

జవాబు

ఎందుకొచ్చిన తంటా తమ్ముడూ, సియాటిల్ దగ్గర బాతెల్‌లో చూసుకో. మనవాళ్లంతా ఇటే.

జవాబు

బాతెల్ నుంచి సిల్వర్‌డేల్‌కి రోజూ ఎవరు తిరుగుతారండీ, మధ్యలో సముద్రం పెట్టుకుని!

నేను ఆ ఊరున్న కిట్‌సాప్ కౌంటీ వైపే ఉంటాను, అందుకని కాస్త వివరంగా రాస్తున్నా. 1/70 గిరిజనేతరుల చేతికి భూమి పోకుండా పెట్టింది. ఇక్కడ పోవడానికి దారి వేసిందే ప్రభుత్వం. బెయిన్‌బ్రిడ్జ్, బ్లేక్ దీవులు, ఈ తీరమంతా సుక్వామిష్ తెగవాళ్లవే. 1855 జనవరి 22న ముకిల్టియోలో గవర్నర్ ఐజాక్ స్టీవెన్స్ భూములు వదులుకునేలా పాయింట్ ఎలియట్ ఒప్పందం చేయించుకున్నాడు. వాళ్ల పెద్ద సియాల్ దాని మీద గుర్తు పెట్టాడు. సియాటిల్ అన్న పేరు ఆయనదే. చివరికి వాళ్లకి మిగిలింది ఈ పోర్ట్ మాడిసన్ ముక్క. 1880ల్లో దాన్ని కూడా కుటుంబాలవారీగా పంచారు, తర్వాత అమ్ముకోవడానికి వీలు కల్పించారు. అలా చేతులు మారింది.

ఎంత మారిందో 1978లో అమెరికా సుప్రీంకోర్టు ఓలిఫాంట్ తీర్పులోనే రాసుకుంది: 7,276 ఎకరాల్లో 63 శాతం బయటివాళ్ల సొంతం, లోపల ఉంటున్న తెగవాళ్లు సుమారు 50 మంది, మిగతావాళ్లు 2,928 మంది. మీ ఓనరు పట్టా వెనకున్న కథ ఇదే. బయటివాళ్ల మీద తెగ కోర్టులు క్రిమినల్ కేసు నడపకూడదని తేల్చింది కూడా ఆ తీర్పే. ఓలిఫాంట్ అనే బయటివాడు వాళ్ల సొంత గడ్డ మీద, వాళ్ల ఉత్సవంలో చేసిన గొడవకి! నాకైతే ఇప్పటికీ మింగుడు పడదు.

అలాగని తెగ పోలీసు కారు ఆపితే వాదనకి దిగకండి. తాగి నడిపేవాణ్ణి, తెగవాడు కాకపోయినా, ఆపి రాష్ట్ర పోలీసులు వచ్చేదాకా పట్టి ఉంచొచ్చని 1993లో వాషింగ్టన్ రాష్ట్ర సుప్రీంకోర్టు చెప్పింది. అది ఈ ఊరి కేసే.

అడగాల్సింది ఒక్కటే: ఫీ ల్యాండా (ఓనరుకి పూర్తి సొంత హక్కున్నది), ట్రస్ట్ ల్యాండా (తెగ తరఫున అమెరికా ప్రభుత్వం పేరు మీద ఉన్నది)? ఫీ అయితే మామూలు అద్దె ఇల్లే, భయం లేదు. ట్రస్ట్ అయితే నేల లీజు ఎప్పటితో ముగుస్తుందో కాగితం చూడండి. నోటిమాట నమ్మొద్దు.

ప్రశ్న వేసిన వ్యక్తి

థాంక్సండీ, భారం దిగింది. చూడాల్సినవేమైనా ఉన్నాయా? బీచ్‌లో క్లామ్స్ (నత్తగుల్లలు) తవ్వుకోవచ్చంటున్నారు. సియాల్ ప్రసంగం వాట్సాప్‌లో వచ్చింది, చాలా బాగుంది.

జవాబు

ఆ ఫార్వర్డ్ పక్కన పెట్టండి. భూమి మనది కాదు, మనమే భూమివాళ్లం అంటూ తిరిగే పాఠం 1970ల్లో ఒక స్క్రిప్టు రచయిత రాసింది. 1854 ప్రసంగానికి అచ్చులో దొరికే తొలి రూపం కూడా ముప్పై ఏళ్ల తర్వాత, 1887లో, ఒక తెల్ల డాక్టరు ప్రచురించిందే.

దానికంటే అగేట్ పాస్ జలసంధి ఒడ్డుకి వెళ్లండి. ఓల్డ్ మాన్ హౌస్ అక్కడే ఉండేది. సెడార్ పలకలతో వందల అడుగుల పొడవున కట్టిన ఇల్లు, ఒకే కప్పు కింద ఎన్నో కుటుంబాలు. 1870లో ప్రభుత్వం తగలబెట్టించింది. తర్వాత ఆ ఊరి స్థలాన్ని సైన్యం కోట కడతానని తీసుకుంది, కట్టలేదు, ప్లాట్లకి పోయింది. కొంత భాగం స్టేట్ పార్కు అయింది, దాన్ని 2004లో తెగకి తిరిగి ఇచ్చారు. ఆ చిన్న పార్కులో నిలబడితే జలసంధి అవతల బెయిన్‌బ్రిడ్జ్ ఎంత దగ్గరో, పడవ మనుషులు అక్కడే ఎందుకు కాపురం పెట్టారో అర్థమవుతుంది. సియాల్ సమాధి ఊళ్లోనే ఉంది. ఇప్పటికీ వాడుకలో ఉన్న శ్మశానం అది, పిల్లల్ని పరుగులు పెట్టనివ్వకండి. అక్కడ పెట్టిన గవ్వలు, నాణేలు ముట్టుకోవద్దు. మ్యూజియానికి ఒక పూట కేటాయించండి.

క్లామ్స్ మాటకొస్తే, ఆ ఒడ్డు ఎవరిదో ముందు కనుక్కోండి. తెగ ఒడ్డు అయితే వాళ్ల అనుమతి లేకుండా తవ్వకూడదు. పబ్లిక్ బీచ్‌కి రాష్ట్ర లైసెన్సు ఉండాలి. ఇక్కడి తెగలు చేపల్లో సగం వాటా 1974లో జడ్జి బోల్ట్ తీర్పుతో, నత్తగుల్లల మీద హక్కు 1994లో కోర్టుల్లో గెలుచుకున్నారు, అదీ ఆ 1855 కాగితంలోని ఒక్క వాక్యం పట్టుకుని.

ఒకటి మర్చిపోయాను. చీఫ్ సియాటిల్ డేస్ ఆగస్టు మూడో వారాంతం, 1911 నుంచి జరుపుతున్నారు. కాల్చిన సాల్మన్ దొరుకుతుంది, తప్పక వెళ్లండి. సామాను ట్రక్కు మాత్రం ఆ శనివారానికి బుక్ చేసుకోకండి, ఊళ్లో పార్కింగ్ దొరకదు.