హెచ్‌జీ19లో ఒక చోట, హెచ్‌జీ38లో ఇంకో చోట: జీనోమ్ డేటాబేసులతో మీ అనుభవాలు చెప్పండి (బెంగళూరు)

వైట్‌ఫీల్డ్ పిల్ల:
ఏడేళ్ళు బ్యాంకింగ్ సాఫ్ట్‌వేర్‌లో టెస్టింగ్ చేసి, మూడు నెలల క్రితం ఇక్కడే ఒక జీనోమిక్స్ కంపెనీకి మారాను. మాది ఎంపీసీ బ్యాచ్. బయాలజీతో పదో తరగతిలోనే తెగతెంపులు. ఇప్పుడు రోజంతా క్రోమోజోములతోనే కాపురం.

మొదట ఇచ్చిన పని చిన్నదే. సికిల్ సెల్ జబ్బుకు కారణమైన మార్పును మా ప్రోగ్రామ్ సరిగ్గా పట్టుకుంటోందా లేదా చూడాలి. ఎవరో వదిలేసి వెళ్ళిన పాత ఎక్సెల్ షీట్‌లో 11వ క్రోమోజోమ్, 5248232 అని ఉంది. క్రోమోజోమ్ మీద ఏ నంబర్ దగ్గర ఏ జీన్ ఉందో చూపించే యూసీఎస్‌సీ జీనోమ్ బ్రౌజర్ అనే వెబ్‌సైట్ తెరిచి ఆ నంబర్ కొట్టాను. చుట్టూ గ్లోబిన్ జీన్లే కనిపించాయి. సరైన వీధికే వచ్చానని సంబరపడ్డాను. తీరా చూస్తే అది ఈ మార్పు ఉండాల్సిన బీటా గ్లోబిన్ జీన్ హెచ్‌బీబీ కాదు, గామా గ్లోబిన్ పక్కన ఖాళీ స్థలం. రెండు రోజులు మా కోడ్‌లో తప్పు వెతికాను. మూడో రోజు మా లీడ్ వచ్చి, పేజీ పైన హెచ్‌జీ38 అని ఉన్నదాన్ని హెచ్‌జీ19కి మార్చి, టీ తాగడానికి వెళ్ళిపోయారు. హెచ్‌బీబీ ఎదురుగా ఉంది.

ఇలాంటివి ఇంకా ఎన్ని గోతులున్నాయో ముందే తెలిస్తే బాగుంటుంది. మీరు ఏం వాడుతున్నారు? ఎక్కడ దెబ్బ తిన్నారు?

కమాండ్‌లైన్ కాకా:
స్వాగతం అమ్మాయ్. ఆ గోతిలో పడని వాళ్ళు ఈ ఫీల్డ్‌లో ఉండరు.

చెన్నైలో గేట్ల మీద పాత నంబరు, కొత్త నంబరు అని రెండు రాసి ఉంటాయి చూశావా? ఇదీ అంతే. హెచ్‌జీ19 అనేది అందరూ పోలిక కోసం వాడే మనిషి జీనోమ్‌కు (మొత్తం డీఎన్‌ఏ వరుసకు) 2009 నాటి కూర్పు, దాన్నే జీఆర్‌సీహెచ్37 అంటారు. హెచ్‌జీ38 అంటే జీఆర్‌సీహెచ్38, 2013 డిసెంబర్‌లో వచ్చింది. మధ్యలో ఖాళీలు పూడ్చారు, తప్పులు దిద్దారు, దాంతో నంబర్లన్నీ జరిగాయి. నువ్వు వెతికిన అక్షరం కొత్త కూర్పులో 5227002 దగ్గర ఉంటుంది. ఇల్లు అదే, గేటు మీద నంబరు మారింది. ఇంతకీ పదేళ్ళు దాటినా హెచ్‌జీ19 వదలని ల్యాబులు బోలెడు. పాత డేటా అంతా అందులోనే ఉంది మరి.

అందుకే నంబరు కాకుండా పేరు అడుగు. డీఎన్‌ఏ మార్పులకు పేర్లు ఇచ్చే డీబీఎస్‌ఎన్‌పీ డేటాబేసులో దాని పేరు ఆర్‌ఎస్334. ఏ కూర్పులో వెతికినా ఆ పేరు దాని దగ్గరికే తీసుకెళ్తుంది. వేల నంబర్లు ఒకేసారి మార్చాలంటే యూసీఎస్‌సీ వాళ్ళదే లిఫ్ట్‌ఓవర్ ఉంది. కాకపోతే కొన్ని మారవు, వాటిని వేరే ఫైల్‌లో పడేస్తుంది. ఆ ఫైల్ తెరిచి చూడటం మర్చిపోకు. చాలామంది చూడరు.

రెండో గొయ్యి: జీనోమ్‌లో చోట్లు రాసుకునే బెడ్ ఫైల్‌లో లెక్క సున్నా నుంచి మొదలవుతుంది, మార్పులు రాసే వీసీఎఫ్ ఫైల్‌లో ఒకటి నుంచి. ఒక్క అక్షరం పక్కకి జరిగినట్టు అనిపిస్తే ముందు అక్కడ చూడు. మూడోది, ఒక ఫైల్‌లో 'సీహెచ్‌ఆర్11' అనీ ఇంకో ఫైల్‌లో వట్టి '11' అనీ ఉంటే రెండూ కలవవు. ఎర్రర్ కూడా రాదు, జవాబు మాత్రం ఖాళీగా వస్తుంది. నా జీవితంలో ఒక ఆదివారం దానికే పోయింది.

వైట్‌ఫీల్డ్ పిల్ల:
థాంక్యూ కాకా! ఇంకోటి. పుస్తకంలో డీఎన్‌ఏ అక్షరం 'ఏ' పోయి 'టీ' వస్తుందని ఉంది, జీఏజీ కాస్తా జీటీజీ అవుతుందట. మా ఫైల్‌లో మాత్రం టీ పోయి ఏ వచ్చింది. ఇదీ మా తప్పేనా?

కమాండ్‌లైన్ కాకా:
కాదు. డీఎన్‌ఏలో ఎదురెదురుగా రెండు పోగులుంటాయి. హెచ్‌బీబీ జీన్ వెనక పోగు (రివర్స్ స్ట్రాండ్) మీద ఉంది. డేటాబేసులు ముందు పోగు మీది అక్షరం చూపిస్తాయి, పుస్తకం జీన్ వైపు నుంచి చదువుతుంది. ఏ ఎదురుగా టీ, టీ ఎదురుగా ఏ. అద్దంలో చూసినట్టు. ఇంకా విను. పాత పుస్తకాల్లో ఈ మార్పు ప్రోటీన్‌లో ఆరో స్థానం అంటారు, ఏ మార్పు జబ్బు తెస్తుందో ల్యాబులు చెప్పినవి చేర్చే క్లిన్‌వార్ డేటాబేసులో ఏడు అని ఉంటుంది. మొదట వచ్చే మెథియోనిన్ అనే అమైనో ఆమ్లాన్ని ఇప్పుడు లెక్కలో కలుపుతారు. ఇవన్నీ ఒకే మార్పుకు పేర్లు. భయపడకు.

మత్తు డాక్టర్:
ఈ లెక్కల తేడా మా దగ్గరా ఉంది. మత్తు ఇచ్చేటప్పుడు కండరాలు వదులు కావడానికి సక్సినైల్‌కోలిన్ అనే మందు వాడతాం. మామూలుగా ఐదు, పది నిమిషాల్లో దాని పని అయిపోతుంది. దాన్ని విరగ్గొట్టే ఎంజైమ్ ఒకటి రక్తంలో ఉంటుంది, దాని జీన్ పేరు బీసీహెచ్‌ఈ. అది చెడితే ఆపరేషన్ అయ్యాక కూడా మనిషి సొంతంగా ఊపిరి తీసుకోలేడు. గంటల తరబడి వెంటిలేటర్ మీద ఉంచి కాచుకోవాలి.

నేను పీజీలో ఉండగా ఒకసారి చూశాను. చిన్న ఆపరేషన్, ఇరవై నిమిషాల్లో అయిపోయింది. పేషెంట్ వేలు కూడా కదపడు. బయట వాళ్ళావిడ తలుపు అద్దంలోంచి చూస్తూ నిలబడే ఉంది. మా సీనియర్ బయటికెళ్ళి ఆమెను ఒక్కటే అడిగారు, 'మీరు వైశ్యులా అమ్మా?' అని. ఆమె బిత్తరపోయింది. ఆ సామాజిక వర్గంలో ఈ లోపం ఎక్కువని మా వాళ్ళకు ఎప్పటినుంచో తెలుసు. రాత్రికి ఆయన లేచి కాఫీ అడిగారనుకోండి.

తర్వాత కుతూహలం కొద్దీ డేటాబేసులు తిరగేశాను. పేపర్లలో 307వ స్థానం అని ఉన్న మార్పు డేటాబేసులో 335గా ఉంది. ప్రోటీన్ మొదట్లో తెగిపోయే 28 అమైనో ఆమ్లాల్ని కూడా లెక్కేస్తారు కాబట్టి. ఏ మార్పు ఎంతమందిలో ఉందో చూపించే నోమాడ్ డేటాబేసులో మొత్తం జనాభా అంకె చూస్తే పట్టించుకోనక్కర్లేదు అనిపించేంత చిన్నది. కానీ తరతరాలుగా తమలో తామే పెళ్ళిళ్ళు చేసుకునే గుంపులో లెక్క వేరు. సీసీఎంబీ వాళ్ళు, హార్వర్డ్ వాళ్ళు కలిసి 2017లో వేసిన పేపర్‌లో ఇదే విషయం. 263 దక్షిణాసియా సమూహాలు చూస్తే, 81 సమూహాల్లో ఫిన్లాండ్ వాళ్ళకన్నా, అష్కెనాజీ యూదులకన్నా గట్టి ఫౌండర్ ప్రభావం కనిపించింది. అంటే కొద్దిమంది పూర్వీకుల నుంచి గుంపంతా పెరిగింది. ప్రపంచ సగటు చూసి మన పేషెంట్‌కి తీర్పు చెప్పడం ఎంత ప్రమాదమో నాకు అప్పుడు అర్థమైంది.

గోంగూర జీన్:
డాక్టర్ గారూ, నోమాడ్ వెర్షన్ 4లో 8,07,162 మంది ఉన్నారు. అందులో దక్షిణాసియా వాళ్ళు దాదాపు 45 వేలు. పేజీలో కిందికి దిగితే ఒక్కో వంశానికి వేరే వరుస ఉంటుంది. నేనైతే పైనున్న మొత్తం అంకె వైపు చూడను కూడా చూడను, సరాసరి సౌత్ ఏషియన్ వరుసకే వెళ్తాను. గుండె కండరానికి సంబంధించిన ఎంవైబీపీసీ3 జీన్‌లో 25 అక్షరాలు ఎగిరిపోయే మార్పు ఒకటుంది. మన ఉపఖండంలో దాదాపు 4 శాతం మందిలో ఉంటుందని 2009లో తేల్చారు. మిగతా ప్రపంచంలో చాలా అరుదు. సగటు తీస్తే ఆ 4 శాతం ఎక్కడికి పోతుందో మీరే చూడండి.

ఇంకో తమాషా. రకరకాల దేశాల వాళ్ళ జీనోమ్‌లు చదివిన 1000 జీనోమ్స్ ప్రాజెక్టులో మన వాళ్ళకు ప్రత్యేకంగా ఒక గుంపు ఉంది, పేరు ఐటీయూ. ఇండియన్ తెలుగు ఇన్ ద యూకే. మూడో దశలో 102 మంది. ఎన్‌సెంబుల్ అనే జీనోమ్ డేటాబేసులో ఏ వేరియంట్ (మార్పు) తెరిచినా పాపులేషన్ జెనెటిక్స్ పేజీలో ఐటీయూ వరుస కనిపిస్తుంది. తెలుగువాడి జీనోమ్ చూడాలంటే ముందు యూకే వీసా తీసుకోవాల్సి వచ్చింది 😀

మత్తు డాక్టర్:
ఐటీయూ అంటే మా హాస్పిటల్‌లో అర్థం వేరే, ఇంటెన్సివ్ థెరపీ యూనిట్. భలే కంగారు పెట్టారు!

జీకేవీకే వరి:
అన్నలూ, అక్కలూ, మనుషుల గోల కాసేపు ఆపండి. మాది బాపట్ల వైపు, ఇక్కడ వ్యవసాయ విశ్వవిద్యాలయం జీకేవీకే క్యాంపస్‌లో వరి మీద పీహెచ్‌డీ. సాంబ మసూరి అంటే మా ఊరి బిడ్డే, బీపీటీ 5204. దానికి ఎండాకు తెగులు పెద్ద శత్రువు. ఎక్స్‌ఏ21, ఎక్స్‌ఏ13, ఎక్స్‌ఏ5 అనే మూడు జీన్లు చేర్చి మెరుగైన సాంబ మసూరి చేశారని తెలిసిందే కదా.

చేరిన కొత్తలో ఎక్స్‌ఏ21ని రిఫరెన్స్ జీనోమ్‌లో (అందరూ పోలిక కోసం వాడే వరి జీనోమ్‌లో) వెతుకుతూ కూర్చున్నాను. దగ్గరి పోలికలున్న జీన్లు వస్తున్నాయి గానీ అసలుది రాదు. పోలికలున్న వరుసల్ని వెతికే బ్లాస్ట్ ప్రోగ్రామ్‌లో కొట్టా, మళ్ళీ కొట్టా. ఒక సాయంత్రం మా సార్ 'ఒరేయ్, ఆ జీన్ ఎక్కడి నుంచి తెచ్చారు?' అన్నారు. అడవి వరి నుంచి, ఒరైజా లాంగిస్టామినాటా. రిఫరెన్స్ ఏమో నిప్పన్‌బరే, జపాన్ రకం. పక్కింట్లో ఉన్న వస్తువుని మన అటక మీద వెతికినట్టు అయింది నా పని. మన సాంబ మసూరి ఇండికా రకం, దానికీ నిప్పన్‌బరేకీ కూడా తేడాలు బోలెడు. అందుకే అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఇర్రి వాళ్ళ ఎస్‌ఎన్‌పీ-సీక్ డేటాబేసులో 3,000 వరి రకాల డేటా పక్కన పెట్టుకుంటాను.

జీన్ పేర్ల తలనొప్పి మాకూ ఉంది. వరి జీన్లకు పేర్లు పెట్టిన ప్రాజెక్టులు రెండు: ఆర్‌ఏపీ పేరు ఒకటి, ఎంఎస్‌యూ పేరు ఇంకోటి. పేపర్‌లో ఏది రాశారో చూసుకుని, ఆర్‌ఏపీ-డీబీలో ఉన్న కన్వర్టర్‌తో మార్చుకోవాలి.

హొరమావు నాన్న:
నేను ఈ రంగం వాణ్ణి కాదండి, డ్రైవింగ్ స్కూల్ నడుపుతాను. మా అబ్బాయికి ఆరేళ్ళు. డాక్టర్ ఎక్సోమ్ టెస్ట్ (జీన్లలో ప్రోటీన్ తయారుచేసే భాగాలన్నీ చదివే పరీక్ష) చేయించమంటే చేయించాం. రిపోర్ట్‌లో వీయూఎస్ అని వచ్చింది. రాత్రంతా గూగుల్ చేశాను. ఒక సైట్‌లో ప్రమాదం అంటుంది, ఇంకో దాంట్లో ఆ నంబరే లేదంటుంది. మా ఆవిడకి ఇంకా చెప్పలేదు. చాలా టెన్షన్‌గా ఉంది. జీన్ పేరు ఇక్కడ రాయను, తప్పుగా అనుకోకండి.

సలహా చెప్పే అక్క:
రాయకపోవడమే మంచిది అన్నా. నేను జెనెటిక్ కౌన్సెలర్‌గా పని చేస్తాను. వీయూఎస్ అంటే ఇది మంచిదో చెడ్డదో తేల్చడానికి చాలినంత ఆధారం లేదని అర్థం. జబ్బు ఉందని కాదు. కాలం గడిచి ఆధారం దొరికినప్పుడు వీటిలో ఎక్కువ భాగం హాని లేని వైపే వెళ్తుంటాయి. ముందు వదినకు చెప్పండి, ఒక్కరే మొయ్యకండి.

నంబరు లేదన్నది బహుశా కాకా పైన చెప్పిన పాత, కొత్త నంబర్ల సంగతే. రిపోర్ట్ చివర టెస్ట్ ఎలా చేశారో రాసే చోట చిన్న అక్షరాల్లో జీఆర్‌సీహెచ్37 అనో 38 అనో ఉంటుంది, చూడండి. తర్వాత క్లిన్‌వార్‌లో అదే మార్పు తెరిచి నక్షత్రాలు ఎన్నో చూడండి. సున్నా నుంచి నాలుగు దాకా ఉంటాయి. ఒక్కటే ఉంటే, పద్ధతి ప్రకారం చూసిన ల్యాబ్ ఒక్కటే చెప్పిందనో, చెప్పిన ల్యాబుల మధ్యే మాట కలవలేదనో అర్థం. రెండంటే ఒకటికి మించి ల్యాబులు ఒకే మాట మీద ఉన్నాయి. మూడు, నిపుణుల బృందం కూర్చుని తేల్చింది. నాలుగు చాలా అరుదు. 'పాథోజెనిక్' అన్న ఎర్ర మాట చూసి భయపడేముందు ఆ నక్షత్రాలు, ఎప్పుడు చెప్పారో ఆ తేదీ చూడాలి. 2012లో చెప్పింది ఇవాళ నిలబడకపోవచ్చు.

ఇవన్నీ ప్రశ్నలు రాసుకోవడానికే. తీర్పు మీ డాక్టరూ కౌన్సెలరూ చెప్పాలి. అమ్మానాన్నల రక్తం కూడా పరీక్ష చేస్తారా అని తప్పకుండా అడగండి.

కమాండ్‌లైన్ కాకా:
తమ్ముడూ, ఇంకో మాట. బాబు వీసీఎఫ్ ఫైల్ చేతికొస్తే కనిపించిన వెబ్‌సైట్‌లోకల్లా ఎక్కించకు. పాస్‌వర్డ్ పోతే మార్చుకోవచ్చు, ఇది మార్చుకోలేం. చూడాలనిపిస్తే జీనోమ్ ఫైళ్ళు చూపించే ఐజీవీ అనే ప్రోగ్రామ్ సొంత కంప్యూటర్‌లో వేసుకో, ఫైల్ బయటికి పోదు.

స్క్రిప్ట్ స్వామి:
ఆలస్యంగా వచ్చా, సిల్క్ బోర్డ్ ట్రాఫిక్ దయ. నా పాపం కూడా ఒప్పుకుంటా. కొత్తలో డీబీఎస్‌ఎన్‌పీ, క్లిన్‌వార్‌లను నడిపే అమెరికా సంస్థ ఎన్‌సీబీఐ నుంచి 20 వేల జీన్ల వివరాలు లాగడానికి లూప్ రాసి, మధ్యలో ఆగకుండా వదిలి భోజనానికి వెళ్ళా. తిరిగొచ్చేసరికి మా ఆఫీసులో ఎవరికీ ఎన్‌సీబీఐ రావట్లేదు. అందరూ నెట్‌వర్క్ వాళ్ళని తిడుతున్నారు. నేను తల దించుకుని కూర్చున్నా. రూలు స్పష్టంగానే ఉంది: ఏపీఐ కీ (వాళ్ళిచ్చే గుర్తింపు కోడ్) లేకపోతే సెకనుకు 3 సార్లు అడగొచ్చు, కీ ఉంటే 10. కీ ఉచితం. పెద్ద జాబితా అయితే ఎన్‌సెంబుల్ బయోమార్ట్‌లో ఒకేసారి టేబుల్‌గా దించుకోవడం మేలు.

దించుకున్నది ఎక్సెల్‌లో డబుల్ క్లిక్ చేసి తెరవకండి. మార్చ్1, సెప్ట్2 అనే జీన్లు కాస్తా తేదీలైపోతాయి. ఈ గొడవతో విసిగి 2020లో పేర్లు పెట్టే కమిటీ జీన్ల పేర్లే మార్చింది, మార్చ్‌ఎఫ్1, సెప్టిన్2 అని. అప్పటికి ఎక్సెల్ మారలేదు, మనిషి జీన్ల పేర్లు మారాయి! పాత ఫైళ్ళలో తేదీలు ఇంకా అలాగే ఉన్నాయి.

గోంగూర జీన్:
మన దేశం డేటా అడిగే వాళ్ళ కోసం: ఢిల్లీలోని పరిశోధన సంస్థ ఐజీఐబీ వాళ్ళ ఇండిజీనోమ్స్ డేటాబేసులో 1,029 మంది, ఉచితంగా వెతుక్కోవచ్చు. జీనోమ్ ఇండియా ఇంకా పెద్దది, దాదాపు 10 వేల మంది. నడిపించింది మన ఐఐఎస్‌సీ క్యాంపస్‌లోని సెంటర్ ఫర్ బ్రెయిన్ రీసెర్చ్. డేటా ఫరీదాబాద్‌లోని జాతీయ జీవశాస్త్ర డేటా కేంద్రం ఐబీడీసీలో ఉంది, 2025 జనవరిలో పరిశోధకులకు తెరిచారు. కావాలంటే ప్రాజెక్టు రాసి దరఖాస్తు పెట్టాలి.

వైట్‌ఫీల్డ్ పిల్ల:
మా షీట్‌లో ప్రతి నంబర్ పక్కన కూర్పు పేరుకు ఒక కాలమ్ పెట్టించాను. 60 వరుసల్లో 14 దేనివో ఎవరికీ తెలియదు. ఆర్‌ఎస్ పేర్లు పట్టుకుని ఒక్కొక్కటి తేలుస్తున్నా. హొరమావు అన్నా, ఏమైంది?

హొరమావు నాన్న:
మూడు వారాలైంది, చెప్పడం ఆలస్యమైంది. అక్క చెప్పిన చోటే ఉంది, ఆఖరి పేజీ కింద, జీఆర్‌సీహెచ్37 అని. కొత్త నంబరుతో వెతికితే క్లిన్‌వార్‌లో దొరికింది. ఒక నక్షత్రం, అక్కడా వీయూఎస్సే. నోమాడ్‌లో సౌత్ ఏషియన్ వరుసలో 11 మందికి ఉంది. అదంతా ఒక కాగితం మీద రాసుకుని వెళ్ళాం, మా ఆవిడా వచ్చింది. మా ఇద్దరి రక్తం తీసుకున్నారు. ఆ మార్పు నాలోనూ ఉందట. ఆ జీన్‌లో ఒక్క కాపీ చెడితే చాలు జబ్బు రావచ్చన్నారు. నాకు 41 ఏళ్ళు, వాడికున్న ఇబ్బంది నాకెప్పుడూ లేదు. కాబట్టి కారణం ఇది కాకపోవచ్చు, కానీ ఒకే మార్పు అందరిలో ఒకేలా బయటపడదు కాబట్టి పూర్తిగా కొట్టిపారేయలేం అన్నారు. రిపోర్ట్‌లో ఇంకా వీయూఎస్ అనే ఉంది. ఏడాది తర్వాత ఆ డేటానే మళ్ళీ చూస్తారట.