పెళ్లికి తొమ్మిది వారాలే ఉంది, అదే చోట రెండోసారి పుండు వచ్చింది. రక్తపరీక్ష చేయించుకోవాలా?

ప్రశ్న: చెరువుగట్టు

మా ఊళ్లో డాక్టరు, మందుల షాపు, ల్యాబు అన్నీ తెలిసినవాళ్లవే. అందుకే ఇన్నాళ్లూ ఎవరినీ అడగలేకపోయాను.

నాకు 29 ఏళ్లు. భీమవరం దగ్గర వనామీ రొయ్యల చెరువుల మీద సూపర్‌వైజరుగా పనిచేస్తున్నాను. రోజుకు మూడు నాలుగు గంటలు నడుము లోతు నీళ్లలో ఉంటాను. తడిసిన నిక్కరు ఒంటి మీదే ఆరిపోతుంది. గజ్జల్లో తామర మాకు కొత్త కాదు, గట్టు మీద పనిచేసేవాళ్లలో అది రానివాడు లేడు. అందుకని మార్చిలో పురుషాంగం చివర, చర్మం వెనక్కి తీస్తే కనిపించే చోట, ఎర్రటి మచ్చ వచ్చినప్పుడు అదీ తామరే అనుకున్నాను. రెండో రోజుకు పొక్కింది, తర్వాత పైచర్మం ఊడి పచ్చిపుండయింది. పావలా బిళ్లంత ఉంటుంది. మందుల షాపులో "గజ్జల్లో దురద" అని అబద్ధం చెప్పి ఒక ట్యూబు తెచ్చుకున్నాను. రెండు వారాల్లో మానింది. నల్లగా మచ్చ మిగిలింది.

పోయిన వారం మళ్లీ వచ్చింది. సరిగ్గా ఆ మచ్చ మీదే. ఈసారి మంట ఎక్కువ. దానికి తోడు ఒంట్లో ఓపిక కూడా లేదు, ఎందుకంటే అంతకు రెండు రోజుల ముందే భోజనం పడక విరేచనాలయ్యాయి, మాత్రలు వేసుకుంటే తగ్గాయి.

ఇక అసలు సంగతి. జనవరిలో, సంక్రాంతి వెళ్లిన వారం, స్నేహితులతో వేరే ఊరు వెళ్లినప్పుడు ఒకరితో కలిశాను. కండోమ్ వాడలేదు. ఆ తర్వాత ఎవరితోనూ లేదు. జనవరి నుంచి మార్చికి ఎనిమిది వారాలు. సిఫిలిస్ అనే సుఖవ్యాధి పుండు 10 రోజుల నుంచి 90 రోజుల లోపు ఎప్పుడైనా రావచ్చని చదివాను. లెక్క సరిపోతోంది. అది చదివిన రాత్రి నుంచి నిద్ర లేదు, ఏరియేటర్ల శబ్దం వింటూ గట్టు మీదే తెల్లవార్లూ కూర్చుంటున్నాను.

శ్రావణంలో పెళ్లి. అమ్మాయి రోజూ సాయంత్రం ఫోను చేస్తుంది, చీరల రంగులు అడుగుతుంది. నాకు మాట రావడం లేదు. పుండు ఎలాగూ మానుతుంది కదా, ఊరుకోవచ్చా? పరీక్ష చేయించుకుంటే పేరు ఎక్కడికి చేరుతుంది? ఏం పరీక్షలు అడగాలి? దయచేసి తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు: పాత కౌన్సెలర్

బాబూ, ప్రభుత్వాసుపత్రి ఐసీటీసీలో, అంటే హెచ్‌ఐవీ పరీక్ష, కౌన్సెలింగ్ కేంద్రంలో, తొమ్మిదేళ్లు కౌన్సెలర్‌గా పనిచేశాను. నీలాంటివాళ్లు నా బల్ల ముందు కూర్చుని మొదటి పది నిమిషాలు గోడ గడియారం వైపే చూసేవారు. నువ్వు అడిగిన వాటిలో ముందు "మానుతుంది కదా" అన్నదానికి జవాబు చెబుతాను, ఎందుకంటే నేను చూసినవాళ్లలో ఎక్కువమంది మోసపోయింది అక్కడే.

సిఫిలిస్ పుండు, మన పెద్దవాళ్లు సవాయి అనేవారు, సాధారణంగా ఒక్కటే వస్తుంది. అంచు గట్టిగా ఉంటుంది, నొప్పి ఉండదు. గజ్జల్లో బిళ్ల కట్టవచ్చు. మందు వేసినా వేయకపోయినా మూడు నుంచి ఆరు వారాల్లో అదే మానిపోతుంది. పుండు పోతుంది కానీ జబ్బు రక్తంలో ఉంటుంది. కొన్ని వారాల తర్వాత ఒంటి మీద, ముఖ్యంగా అరిచేతుల్లో అరికాళ్లలో, దురద లేని మచ్చలుగా బయటపడవచ్చు. అవీ వాటంతటవే పోతాయి. మనిషి "పోయిందిలే" అనుకుంటాడు.

నీది మంటగా ఉంది, అదే చోట తిరిగి వచ్చింది. అది విన్నప్పుడు నాకు హెర్పిస్ అనే వైరస్ జబ్బు కూడా గుర్తుకొస్తుంది. అయితే హెర్పిస్‌లో సాధారణంగా చిన్న చిన్న నీటిపొక్కులు గుంపుగా వస్తాయి, నీలా ఒక్క పెద్ద మచ్చగా రాదు. వేరే కారణాలూ ఉంటాయి. రాసినదాన్ని బట్టి నేను తేల్చను, నువ్వూ తేల్చుకోవద్దు. పుండు పచ్చిగా ఉండగానే డాక్టరుకు చూపించు, మానేదాకా ఆగితే చూడడానికి ఏమీ మిగలదు. వెళ్లే ముందు ట్యూబు రాయకు. షాపుల్లో ఇచ్చే ట్యూబుల్లో చాలావాటిలో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది, అది పుండు రూపాన్నే మార్చేస్తుంది, తామరను ఇంకా పాకిస్తుంది.

ఎక్కడికి అంటే, పెద్ద ప్రభుత్వాసుపత్రుల్లో సురక్ష క్లినిక్ అని బోర్డు ఉంటుంది. ఓపీ చీటీ రాయించుకునేటప్పుడు "చర్మవ్యాధులు" అంటే చాలు, వరుసలో నిలబడి వివరం చెప్పనక్కరలేదు. అక్కడ పరీక్ష, మందులు, కౌన్సెలింగ్ ఉచితం. మీ ఊళ్లో ఇబ్బందైతే కాకినాడకో విజయవాడకో వెళ్లు, ఏ ఊరివాడివని తిప్పి పంపరు. ఎక్కడ దగ్గరో తెలియకపోతే 1097కు ఫోను చెయ్యి, డబ్బు పడదు.

పేరు సంగతి: హెచ్‌ఐవీ పరీక్షకు ముందు నీ సమ్మతి తీసుకుంటారు, నమూనా మీద నంబరు వేస్తారు, ఫలితం నీ చేతికే ఇస్తారు. 2017లో వచ్చిన హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం చట్టం చెప్పిన కొన్ని సందర్భాల్లో తప్ప నీ ఫలితాన్ని నీ అనుమతి లేకుండా ఇంకొకరికి చెప్పకూడదు. నా బల్ల ముందుకు ఒక తండ్రి వచ్చి "మా అల్లుడి రిపోర్టు చూపించండి" అని గంటసేపు గొడవ చేశాడు. చూపించలేదు.

హెచ్‌ఐవీ, వీడీఆర్‌ఎల్, టీపీహెచ్‌ఏ, ఈ మూడూ అడుగు, చివరి రెండూ సిఫిలిస్‌ను పట్టే రక్తపరీక్షలు. నీకు ఐదు నెలలు గడిచాయి కాబట్టి ఇప్పుడు వచ్చే ఫలితాన్ని నమ్మవచ్చు. పుండు వచ్చిన తొలి రోజుల్లో అయితే వీడీఆర్‌ఎల్ తప్పుగా నెగెటివ్ చూపించే వీలుంది, హెచ్‌ఐవీకి మూడు నెలలు ఆగి మళ్లీ చూడమనేవాళ్లం. ఆ అడ్డంకి నీకు లేదు.

జవాబు: ఇద్దరు పిల్లల తల్లి

తమ్ముడూ, నేను అవతలి వైపు నుంచి చెబుతున్నాను. ఓపికగా చదువు.

పెళ్లయిన రెండో ఏడు, నాలుగో నెల కడుపుతో ఉన్నప్పుడు మామూలుగా చేసే రక్తపరీక్షల్లో నాకు వీడీఆర్‌ఎల్ పాజిటివ్ వచ్చింది. ఆ కాగితం పట్టుకుని వరండాలో నిలబడ్డాను, అందులో రాసింది నా గురించేనని నమ్మలేకపోయాను. మా అత్తగారు పక్కనే ఉన్నారు. ఆ పది నిమిషాల్లో ఆవిడ చూసిన చూపు ఇప్పటికీ మరచిపోలేదు. ఆ రాత్రి మా ఆయన ఏడుస్తూ చెప్పారు: పెళ్లికి ముందు ఏడాది ఒక పుండు వచ్చిందట, నొప్పి లేదట, మానిపోయిందట, అంతే.

వారానికొకటి చొప్పున మూడు వారాలు పెన్సిలిన్ ఇంజెక్షన్లు, ఒక్కొక్కటి 24 లక్షల యూనిట్లు, రెండు పిరుదులకూ సగం సగం. ఆయనకూ ఇచ్చారు. సూది మందు చిక్కగా ఉంటుంది, ఆ రోజంతా కాలు ఈడ్చుకుంటూ నడిచేదాన్ని. బాబు పుట్టాక వాడికీ రక్తపరీక్ష చేశారు. వాడికి ఏమీ లేదు, ఇప్పుడు మూడో తరగతి. కానీ ఐదు నెలలు నేను వాడి కదలిక లెక్కపెట్టుకుంటూ బతికాను. చికిత్స జరగకపోతే కడుపులోనే బిడ్డ పోవచ్చని నర్సు చెప్పింది.

ఆయన పాత సంగతిని నేను క్షమించాను. ఆ ఐదు నెలల భయాన్ని మాత్రం నా నుంచి ఎవరూ తీసుకోలేరు, ఒక్క రక్తపరీక్షతో అది తప్పేది. చీరల రంగులు అడిగే ఆ అమ్మాయిని నా వరండాలో నిలబెట్టకు.

జవాబు: వరంగల్ వాసి

ఆవిడ చెప్పిన తర్వాత నేను కలపాల్సింది తక్కువే. కానీ మీ ప్రశ్నలో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. విరేచనాలకు మాత్రలు వేసుకున్నానన్నారు. ఏ మాత్రలు? మార్చిలో పుండు వచ్చే ముందు కూడా అవే వేసుకున్నారా?

నేను కార్లకు వైరింగ్ పని చేస్తాను, వంగి వంగి నడుము నొప్పి. నొప్పి మాత్ర వేసుకున్న ప్రతిసారీ మర్నాటికి అదే చోట, మీరు చెప్పిన చోటే, ఎర్రగా పొక్కి ఊడేది. పై పెదవి మీద కూడా ఒక మచ్చ. మూడుసార్లు అలా జరిగింది. మా ఆవిడ అనుమానించింది, నేను ఒట్లు పెట్టుకున్నాను, ఇంట్లో నరకం. చివరికి చర్మ డాక్టరు ఒక్క ప్రశ్న అడిగారు: "ఏ మందు వేసుకున్నాక?" కొందరికి ఫలానా మందు పడదు, వేసుకున్న ప్రతిసారీ ఒంట్లో అదే చోట పుండు లేస్తుంది, మానాక నల్లమచ్చ ఉంటుంది అన్నారు. నొప్పి మాత్రలు, సల్ఫా మందులు, విరేచనాలకు వేసుకునే ఆర్నిడజోల్ రకం మందులు ఇలా చేస్తాయట. అదేనా కాదా చూద్దామని మళ్లీ ఆ మాత్ర వేసుకోకండి.

ఇది రాసింది మీరు ఊపిరి పీల్చుకుని ఇంట్లో కూర్చోవడానికి కాదు. పుండుకు కారణం మాత్రే అయినా, జనవరి రాత్రికి జవాబు రక్తంలోనే దొరుకుతుంది. నాకూ డాక్టరు రెండూ చూశారు.

ప్రశ్న వేసినవారు: చెరువుగట్టు

అందరికీ దండాలు. అక్కా, మీ జవాబు చదివిన తెల్లవారే మేత పని మా తమ్ముడికి అప్పజెప్పి కాకినాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికి బస్సెక్కాను.

చీటీ దగ్గర "చర్మం" అన్నాను, పంపించారు. డాక్టరు తెర వేసి చూశారు. మొహంలో ఏ మార్పూ లేదు, చేతి మీద పుండు చూసినట్టే చూశారు. దానికే నా సగం వణుకు తగ్గింది. మాత్రల సంగతి నేనే చెప్పాను. బండి పెట్టెలో వెతికితే ఖాళీ అట్ట దొరికింది, తీసుకువెళ్లాను: ఓఫ్లాక్సాసిన్, ఆర్నిడజోల్ కలిసినది. మార్చిలోనూ అదే షాపు, అదే అట్ట. ఆయన మచ్చ రంగు చూసి, తేదీలు రాసుకుని, మందు పడకపోవడమే అన్నారు. ఆ రెండు పేర్లూ చీటీ మీద రాసి, ఎప్పుడు ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా చూపించమన్నారు. ట్యూబు మానేయమన్నారు. తామరకు వేరే మందు ఇచ్చారు.

తర్వాత ఐసీటీసీ. కౌన్సెలర్ అమ్మ వయసావిడ. సంతకం పెట్టేటప్పుడు చేయి వణికితే కాసేపు ఆగమన్నారు. హెచ్‌ఐవీ ఫలితం ఆ మధ్యాహ్నమే చెప్పారు, నెగెటివ్. వీడీఆర్‌ఎల్, టీపీహెచ్‌ఏ కోసం సోమవారం మళ్లీ వెళ్లాను. రెండూ నెగెటివ్. బస్టాండులో కూర్చుని చాలాసేపు ఏడ్చాను.

నిన్న సాయంత్రం ఆ అమ్మాయి ఫోను చేసినప్పుడు చీరల మాట ఎత్తకముందే జనవరి సంగతి చెప్పేశాను. పరీక్షల సంగతి కూడా. చాలాసేపు మాట్లాడలేదు. ఫోను పెట్టేసిందేమో అనుకున్నాను. తర్వాత ఆదివారం వాళ్ల ఊరు రమ్మంది, కాగితాలు తీసుకురమ్మంది. వెళ్తున్నాను.