మార్క్ 2 అంబాసిడర్‌కి ఇసుజు 1800 పెట్రోల్ ఇంజన్: ఏమేం మార్చాలి?

తెల్లఅంబీ
బండి 1970ల నాటి మార్క్ 2. పాత 1489 సీసీ ఇంజన్ ఆయిల్ తాగేస్తోంది. ఓవర్‌సైజ్ పిస్టన్లు ఇప్పటికే పడి ఉన్నాయి, ఇక స్లీవులు (సిలిండర్లలో కొత్త గొట్టాలు) వేయించడమే మిగిలింది. గేర్ రాడ్ స్టీరింగ్ పక్కన ఉంటుంది, చార్జింగ్‌కి డైనమో, నాలుగు చక్రాలకీ డ్రమ్ము బ్రేకులే. ఒక మెకానిక్ 1800 ఐఎస్‌జడ్ (ఇసుజు) ఇంజన్ దించుదామంటున్నాడు, ఇంకొకాయన మారుతి డిజైర్ డీజిల్ అంటున్నాడు. విజయవాడ–హైదరాబాద్ రోడ్డు మీద 80లో నిలకడగా పోతే నాకు చాలు. ఎక్కడెక్కడ ఇబ్బంది వస్తుంది? ఆర్‌సీ సంగతేంటి?

గేర్‌రాడ్
డిజైర్ మాట వదిలేయండి. అది అడ్డంగా కూర్చునే ఇంజన్, ముందు చక్రాలను తిప్పేది. దాన్ని నిలువుగా పెట్టి వెనక్కి పవర్ ఇవ్వాలంటే బెల్ హౌసింగ్‌కి (ఇంజన్‌నీ గేర్‌బాక్స్‌నీ కలిపే క్లచ్ గూడుకి) అడాప్టర్ ప్లేటు లేత్ మీద చేయించాలి. సెంటర్ కొద్దిగా తప్పినా గేర్‌బాక్స్ ముందు బేరింగ్ అరుస్తుంది, క్లచ్ ప్లేటు మధ్యలో చిరుగుతుంది. పైగా కామన్ రైల్ (కంప్యూటర్ నడిపే డీజిల్ ఇంజెక్షన్) కాబట్టి ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్), ఇమ్మొబిలైజర్, పెడల్ సెన్సర్ అన్నీ వెంట రావాలి.

ఇసుజుకైతే దారి ముందే పడి ఉంది. 84 × 82 మి.మీ., 1817 సీసీ. హిందుస్థాన్ మోటార్స్ ఇదే బాడీలో ఆ ఇంజన్ పెట్టి అమ్మింది. అందుకే ఇంజన్ ఒక్కటే కొనకండి, 1800 డోనర్ బండి (భాగాలు తీసుకోవడానికి కొనే పాత 1800 అంబాసిడర్) మొత్తం కొనండి. మౌంట్ బ్రాకెట్లు, గేర్‌బాక్స్ కింది క్రాస్‌మెంబర్, ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్‌బాక్స్ నుంచి వెనక యాక్సిల్‌కి పోయే రాడ్డు), రేడియేటర్, పెడల్‌తో సహా క్లచ్ సెట్టు, ఎగ్జాస్ట్ డౌన్ పైపు, స్పీడో కేబుల్ అన్నీ అందులోనే దొరుకుతాయి. కాంటెస్సా క్లాసిక్‌లోనూ ఇదే ఇంజన్, కానీ ఆ బాడీ వేరు. సంప్ (ఇంజన్ కింది ఆయిల్ తొట్టి) ఆకారం, మౌంట్లు కొలిచి చూడకుండా అడ్వాన్స్ ఇవ్వొద్దు.

కొనేముందు నాలుగు ప్లగ్గులూ తీసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి కంప్రెషన్ చూడండి. సిలిండర్ల మధ్య 10 శాతం మించి తేడా ఉంటే ధర తగ్గించమనండి, లేదా వదిలేయండి. హెడ్ అల్యూమినియంది, ఏళ్ల తరబడి మామూలు నీళ్లు పోసి నడిపితే నీటి దారుల దగ్గర తినేసి ఉంటుంది. థర్మోస్టాట్ హౌసింగ్ విప్పి లోపలికి టార్చి వేస్తే తెలిసిపోతుంది.

ఐదు గేర్ల బాక్సుకి రాడ్ కింద నుంచి వస్తుంది కాబట్టి ఫ్లోర్‌కి కన్నం కోయాలి. గేర్‌బాక్స్ బిగించాకే కోయండి. రెండో గేర్లో, నాలుగో గేర్లో రాడ్ మీ బెంచి సీటుకి తగులుతుందేమో ముందే చూసుకోండి, చాలాసార్లు తగులుతుంది. ఫ్యాన్‌కీ రేడియేటర్‌కీ మధ్య కనీసం 25 మి.మీ. ఉండాలి. బ్రేకు వేసినప్పుడు ఇంజన్ మౌంట్ల మీద ముందుకు ఊగుతుంది మరి.

కరెంటుపెట్టె
వైరింగ్ గురించి. కొన్ని పాత బండ్లలో బ్యాటరీ ప్లస్ బాడీకి ఉంటుంది. అలాంటి బండికి ఆల్టర్నేటర్ తగిలిస్తే డయోడ్లు ఆ క్షణమే పోతాయి. ముందు బ్యాటరీ మైనస్‌ని ఎర్త్ చేయండి, కాయిల్ వైర్లు అటూ ఇటూ మార్చండి (మైనస్ డిస్ట్రిబ్యూటర్ వైపు), అమ్మీటర్ వైర్లూ అంతే. డైనమో కటౌట్ (పాత చార్జింగ్ రిలే పెట్టె) తీసేయండి. ఆల్టర్నేటర్ నుంచి బ్యాటరీకి కొత్తగా 10 చదరపు మి.మీ. వైరు లాగండి, పాత వైరు ఆ లోడుకి వేడెక్కుతుంది. డాష్‌బోర్డులో చార్జింగ్ బల్బు తప్పనిసరి. అది కాలిపోయి ఉంటే ఆల్టర్నేటర్ మేలుకోదు.

ఎక్కువమంది మరిచేది ఇంజన్‌కీ బాడీకీ మధ్య ఎర్త్ పట్టీ. మౌంట్లు రబ్బరువి కదా, పట్టీ లేకపోతే సెల్ఫ్ కరెంటు యాక్సిలరేటర్ కేబుల్ గుండా తిరిగి వెళ్తుంది. సెల్ఫ్ కొట్టాక ఆ కేబుల్ వేడిగా ఉంటే కారణం అదే. సెల్ఫ్ తిరుగుతుండగా బ్లాక్‌కీ బ్యాటరీ మైనస్‌కీ మధ్య 0.5 వోల్టు దాటకూడదు. టెంపరేచర్, ఆయిల్ మీటర్లు సెన్సర్లతో జతగా మార్చండి. కొత్త సెన్సరుకి పాత మీటరు పెడితే ముల్లు అబద్ధం చెప్తుంది.

తెల్లఅంబీ
థాంక్సండీ. వెనక యాక్సిల్ హౌసింగ్ (డిఫరెన్షియల్‌తో సహా) పాతది ఉంచేయొచ్చా, డోనర్‌ది వేయాలా?

గేర్‌రాడ్
ముందు డిఫరెన్షియల్ నిష్పత్తి కొలవండి. ముందు చక్రాలకి అడ్డు పెట్టి, న్యూట్రల్‌లో, హ్యాండ్‌బ్రేక్ వదిలేసి, ఒక వెనక చక్రం మాత్రమే జాకీ మీద లేపి సరిగ్గా రెండు చుట్లు తిప్పండి. ప్రొపెల్లర్ షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరిగితే నిష్పత్తి అంత. 5.90-15 టైరు ఒక చుట్టుకి సుమారు 2.05 మీటర్లు పోతుంది. 80 కి.మీ. వేగంలో నిమిషానికి 650 చుట్లు. నిష్పత్తి 4.5 అయితే డైరెక్ట్ గేర్లో (నాలుగో గేరు, ఇంజన్ ఎంత తిరిగితే షాఫ్ట్ అంతే) ఇంజన్ దాదాపు 2,900 తిరుగుతుంది, ఐదో గేర్లో ఇంకా తక్కువ. రెండు హౌసింగులకీ ఈ లెక్క వేసి, తక్కువ వచ్చేది ఎంచుకోండి. నా ఓటు డోనర్‌దానికే, ఎందుకంటే షాఫ్ట్ ఫ్లాంజి కూడా సరిపోతుంది.

షాఫ్ట్ పొడవు చూసేటప్పుడు బండి చక్రాల మీదే నిలబడి ఉండాలి. జాకీ మీద కమాన్ కట్టలు వేలాడితే కొలత తప్పు వస్తుంది. స్లిప్ జాయింట్ లోపలికి ఇంకో 20–25 మి.మీ. పోయే వీలుండాలి. గేర్‌బాక్స్ వాలు, పీనియన్ (వెనక హౌసింగ్‌లో షాఫ్ట్ కలిసే గేరు) వాలు సమాంతరంగా ఉండాలి, డిగ్రీకి మించి తేడా వస్తే 60 దాటాక సీటు కింద వణుకు మొదలవుతుంది. కొత్త క్రాస్ బేరింగులు వేసినా అది పోదు.

ఫారంనంబరు
బ్రేకులు మార్చకుండా ఇంజన్ మార్చొద్దు. డోనర్‌కి ముందు డిస్కులు, బూస్టరు ఉంటే మాస్టర్ సిలిండర్‌తో కలిపి మొత్తం తీసుకోండి. డిస్కుకి పాత మాస్టర్ పెడితే పెడల్ లోతుకి పోతుంది.

ఆర్‌సీ విషయం: బండిలో మార్పుల గురించి చెప్పేది మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 52, కాబట్టి ఇంజన్ విప్పకముందే రిజిస్ట్రేషన్ అధికారితో మాట్లాడాలి. అనుమతి దొరకదంటే అక్కడితో ఆపి పాత ఇంజన్‌కి స్లీవులు వేయించండి. ఈ వయసు బండికి ఆర్‌సీ ఐదేళ్లకోసారి రెన్యువల్. అప్పుడు బ్రేక్ ఇన్‌స్పెక్టర్ (మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్) బానెట్ ఎత్తి చాసిస్ నంబరు, ఇంజన్ నంబరు రెండూ చూస్తాడు. డోనర్ ఆర్‌సీ, అమ్మినవాళ్ల సంతకంతో రసీదు, ఇంజన్ నంబరు ఫొటో లేకుండా డబ్బులివ్వకండి, దొంగ బండి ఇంజన్ అయితే కేసు మీ మెడకు చుట్టుకుంటుంది. ఆర్‌సీలో ఎక్కాక ఇన్సూరెన్స్ కంపెనీకి లిఖితపూర్వకంగా తెలియజేసి ఎండార్స్‌మెంట్ (పాలసీలో మార్పు నమోదైన కాగితం) తీసుకోండి.