‘ఇంటరప్ట్’ను అంతరాయం అనవచ్చునా?

ప్రశ్న:

సభ్యులందరికీ నమస్కారం. పాలిటెక్నిక్ విద్యార్థుల కోసం మైక్రోకంట్రోలర్ల (యంత్రాలను నడిపే చిన్న చిప్‌ల) మీద తెలుగులో ఒక చిన్న పుస్తకం రాస్తున్నాను. ప్రాసెసర్ చేస్తున్న పని నడుమ పరికరం పంపే సంకేతాన్ని తెలిపే ఇంటరప్ట్ అన్న మాట దగ్గర కలం ఆగిపోయింది. నిఘంటువులో ‘అంతరాయం’, ‘ఆటంకం’ కనిపిస్తున్నాయి. కానీ ‘హార్డ్‌వేర్ అంతరాయం’ అని రాసి చదువుకుంటే ఏదో చెడిపోయిందన్న భావమే కలుగుతోంది. ఇంతకన్నా తగిన మాట ఉన్నదా? లేక ఆంగ్లపదాన్నే ఉంచుకోవడం మేలా? తెలిసినవారు చెప్పగలరు.

సమాధానం:

నమస్కారమండీ. మీ సందేహం సరైనదే. అయితే ‘అంతరాయం’ పుట్టుకలో దోషమేమీ లేదు. ‘అంతర్’ అంటే నడుమ, ‘అయ’ అంటే పోవడం. నడుమకు వచ్చి చేరేదని మూలార్థం. ఆ లెక్కన ఇంటరప్ట్‌కు అంతకన్నా దగ్గరి మాట దొరకదు. చిక్కంతా ఆ మాట తరువాత చేసిన ప్రయాణంలో ఉంది. సంస్కృతంలోనే అది విఘ్నమన్న అర్థంలో స్థిరపడింది: పతంజలి యోగసూత్రాల సమాధిపాదంలోని 30వ సూత్రం వ్యాధి, సంశయం, ఆలస్యం మొదలైన తొమ్మిదింటిని అంతరాయాలుగా లెక్కపెట్టింది; జైనులు చెప్పే ఎనిమిది కర్మలలో ఒకటైన అంతరాయ కర్మ దానలాభాలకు అడ్డు తగిలేది. ‘అంతరాయానికి చింతిస్తున్నాం’ అన్న వాక్యాన్ని దూరదర్శన్ కాలం నుంచీ చూస్తున్న మనకు ఆ మాట వెనుక ఒక క్షమాపణ కూడా వినిపిస్తుంది. ‘అవాంతరం’ గతీ ఇంతే. ‘అవాంతర భేదాలు’ అన్నప్పుడు అది కేవలం లోపలి విభాగాలను సూచించే సాధుపదం. విడిగా వాడితే మాత్రం ఉపద్రవం. నడుమ వచ్చినదాన్ని మన భాష అంత తేలికగా నమ్మదు కాబోలు.

ఒక మాట పనికొస్తుందో లేదో తేల్చుకోవలసినప్పుడు అది ఏ క్రియతో జత కడుతుందో చూడడం నాకు అలవాటు. నేను చాలా ఏళ్ళుగా మోటారు కంట్రోలర్లకు ఫర్మ్‌వేర్ (పరికరంలోనే ఉండి దాన్ని నడిపే ప్రోగ్రామ్) రాస్తున్నాను. ‘టైమర్ ఇంటరప్ట్ రావడం లేదు’ అన్నది మా బల్లల దగ్గర తరచుగా వినిపించే ఫిర్యాదు. ఆ చోట ‘అంతరాయం రావడం లేదు’ అని పెట్టి చదవండి. ఫిర్యాదు కాస్తా శుభవార్త అయిపోతుంది. ఒకసారి ఒక కళాశాలలో తెలుగులో పాఠం చెప్పి ‘అంతరాయం’ అనే వాడాను. ‘అంతరాయాలు రాకుండా సర్క్యూట్‌ను జాగ్రత్తగా కట్టుకోవాలి’ అని ఒక విద్యార్థి రాసిచ్చాడు. తప్పు అతనిది కాదు, నాది.

అసలు జరిగేది చూడండి. మైక్రోకంట్రోలర్లలో వాడే కార్టెక్స్-ఎం3 ప్రాసెసర్‌కు ఏదైనా పరికరం సంకేతం పంపగానే, అది నడుస్తున్న ప్రోగ్రామ్‌కు చెందిన ఎనిమిది రిజిస్టర్లను (ప్రాసెసర్ లోపల విలువలుంచే చోట్లను) తనంతట తానే స్టాక్‌లో (మెమరీలో అందుకు కేటాయించిన భాగంలో) భద్రపరచి, వెక్టర్ పట్టికలో ఆ పరికరానికి కేటాయించిన గడిలోని చిరునామా చూసి, అక్కడ ఉన్న ఐఎస్‌ఆర్‌ను (ఆ సంకేతానికి స్పందించే చిన్న ప్రోగ్రామ్‌ను) మొదలుపెడుతుంది. మెమరీ వైపు నుంచి ఆలస్యం లేకపోతే ఇదంతా 12 క్లాక్ సైకిళ్ళలో పూర్తవుతుంది; 72 మెగాహెర్ట్జ్ వేగం మీద అది సెకనులో 60 లక్షలవ వంతు. ఐఎస్‌ఆర్ ముగిశాక రిజిస్టర్లు తిరిగి యథాస్థానాలకు చేరతాయి. పాత ప్రోగ్రామ్, తన పని నడుమ ఆగిందన్న సంగతైనా ఎరగకుండా, విడిచిన చోటి నుంచి సాగిపోతుంది. ఇందులో భంగపడినది ఏదీ లేదు. రావలసినది వచ్చింది, అంతే.

అందుకే నేను వివరణలో ‘కబురు’ అన్న మాట వాడుతున్నాను. పరికరం కబురు పెడుతుంది, ప్రాసెసర్‌కు కబురు అందుతుంది, ఒక్కోసారి కబురు రాదు. క్రియలన్నీ ఏ పేచీ లేకుండా అమరుతున్నాయి. పైగా దీనికి జంటపదం కూడా సిద్ధంగా ఉంది. పరికరం దగ్గరకు ప్రోగ్రామే పదేపదే వెళ్ళి ‘ఏమైనా వచ్చిందా’ అని చూసుకునే పోలింగ్ పద్ధతికి ‘వాకబు’ అచ్చంగా సరిపోతుంది. వాకబు చేస్తూ తిరగడం ఒక పద్ధతి, కబురు పెట్టించుకోవడం మరొక పద్ధతి. రెండూ ఉర్దూ దారిన వచ్చి మన ఇంటి మాటలైనవే.

గడువు సంగతి చెప్పడానికీ ఈ మాట కలిసివస్తుంది. సీరియల్ పోర్టు 115200 బాడ్ (సెకనుకు అన్ని బిట్ల) వేగంతో నడుస్తుంటే, అక్షరానికి 10 బిట్ల లెక్కన, ఒక అక్షరం సుమారు 87 మైక్రోసెకన్లలో వచ్చి చేరుతుంది. అక్షరాన్ని నిలిపి ఉంచే రిజిస్టర్ ఒక్కటే ఉన్నప్పుడు, తరువాతి అక్షరం పూర్తయ్యే లోపల దాన్ని చదవకపోతే ఒక అక్షరం పోయినట్లే. చావు కబురు చల్లగా చెప్పడమన్న జాతీయానికి ఇంతకన్నా కచ్చితమైన సాంకేతిక ఉదాహరణ నాకు తట్టలేదు. ఐఎస్‌ఆర్‌ను పొట్టిగా రాయమనడమూ ఇందుకే: అక్షరాన్ని తీసి బఫర్‌లో (తాత్కాలిక నిల్వలో) వేసి, దాన్ని విప్పి చూసే పనిని వేరే టాస్క్‌కు (ప్రోగ్రామ్‌లో విడిగా నడిచే మరో భాగానికి) అప్పగించాలి. అక్కడే కూర్చుని లెక్కలు చేస్తే, దానితో సమానమైన లేదా తక్కువ ప్రాధాన్యమున్న కబుర్లన్నీ వాకిట్లో నిలబడిపోతాయి.

అలా నిలబడ్డవాటికి ‘పెండింగ్’ అన్న మాటను మార్చవద్దని నా మనవి. తహసీల్దారు కార్యాలయానికి ఒకసారి వెళ్ళివచ్చిన వారెవరికీ దాని అర్థం విడమరచి చెప్పనక్కరలేదు. ఒక్క హెచ్చరిక మాత్రం పుస్తకంలో చేర్చండి. కార్టెక్స్-ఎం3లో ఒక్కొక్క ఇంటరప్ట్‌కు పెండింగ్ గుర్తు ఒక్క బిట్టే. అది నిలబడి ఉండగా అదే చోటి నుంచి మరి రెండుసార్లు సంకేతం వచ్చినా గుర్తు ఒకటే. ఎన్నిసార్లు వచ్చిందో లెక్క ఉండదు.

మరొక సభ్యుని అభ్యంతరం:

మీ వాదన బాగుంది కానీ, కబురంటే సమాచారం కూడా కదండీ. టాస్క్‌ల మధ్య క్యూలలో నడిచే సందేశాలతో ఇది కలిసిపోదా? పైగా చేస్తున్న పనిని ఆపించడమన్న అర్థం ఆంగ్లపదంలో ఉంది, కబురులో లేదు. అచ్చ తెలుగులో ‘పిలుపు’ అనరాదా?

సమాధానం:

‘పిలుపు’ను నేనూ కొంతకాలం వాడి విడిచిపెట్టాను. ఫంక్షన్‌ను పిలవడమన్న వాడుక ఇప్పటికే పాతుకుపోయింది. ప్రోగ్రామ్ తానుగా పిలిచినది ఫంక్షన్. ప్రోగ్రామ్ పిలవకుండానే నడిచేది ఐఎస్‌ఆర్. విద్యార్థి మొదట గ్రహించవలసిన తేడాయే అది కనుక రెండింటికీ ఒకే మాట పెట్టకూడదు.

మీ మొదటి అభ్యంతరాన్ని పూర్తిగా ఒప్పుకొంటున్నాను. కబురు పారిభాషిక పదంగా నిలవదు. నిలబెట్టాలని నేను కోరడమూ లేదు. క్యూలలో నడిచేవాటికి ‘సందేశం’ అని కేటాయిస్తే గందరగోళం కొంత తగ్గుతుంది. పనిని ఆపించడమన్న విషయంలో మాత్రం నాది వేరే అభిప్రాయం. ఆగడమన్నది కబురు అందుకున్న ప్రాసెసర్ చేసే పని, పరికరం చేసేది కాదు. ఇంటరప్ట్‌లను నిలిపి ఉంచడానికున్న ప్రైమాస్క్ రిజిస్టర్‌లో 1 వేసి ఉంచితే మామూలు ఇంటరప్ట్‌లు వచ్చినా ప్రాసెసర్ ఆగదు. సంకేతం వచ్చిందన్న గుర్తు పెండింగ్‌లో పడి ఉంటుంది. రాక వేరు, ఆగడం వేరు అని ఈ ఒక్క రిజిస్టరే చెబుతోంది.

కాబట్టి, ప్రశ్న అడిగిన మిత్రులకు నా సూచన ఇది. శీర్షికలోనూ పట్టికలలోనూ ‘ఇంటరప్ట్’ అనే ఉంచండి. డేటాషీట్ తెరిచినప్పుడు విద్యార్థికి ఎదురయ్యేది అదే. మొదటి పేరా మాత్రం ఇలా రాసి చూడండి: ‘అక్షరం వచ్చి చేరిందని సీరియల్ పోర్టు ప్రాసెసర్‌కు కబురు పెడుతుంది. ప్రాసెసర్ చేస్తున్న పనిని ఉన్నచోటనే ఆపి, ఆ అక్షరాన్ని అందుకుని, తిరిగి తన పనిలో పడుతుంది. ఈ కబురునే ఇంటరప్ట్ అంటారు.’